ఆరో ఆయా

దీన్ని ఎవరికి చెప్పాలా అని ఈ ఏడేళ్లలో చాలా ముఖాలు చూశాను. నా భార్య ముఖం చూశాను. బస్సులో పక్క సీట్లో కునికే పరాయివాళ్ల ముఖాలు చూశాను. ఒకసారి బీపీ చూసే డాక్టరు, మనసులో ఏమైనా పెట్టుకున్నారా అని అడిగితే ఆయన ముఖం కూడా చూశాను. ఏమీ లేదన్నాను. చెప్పిన మరుక్షణం ఎదుటి ముఖం మారిపోతుందని భయం. మీ ముఖం నాకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఒక మనిషి నా వల్ల చనిపోయాడు. ఆ తప్పును ఇంకో మనిషి మీద రాశాను. దానివల్ల ఆ మనిషికి లోకంలో ఉన్న ఒకే ఒక్క చోటు పోయింది. ఇంతే. మూడు వాక్యాలు. వీటిని రాయడానికి నాకు ఏడేళ్లు పట్టిందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

నల్గొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లను ఉంచుకునే ఇళ్లకు అనుమతులిచ్చే పని మా సెక్షన్‌ది. వృద్ధాశ్రమాలంటే అందరికీ తెలుసు. ఇవి వేరు. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్లు, బుద్ధి ఎదగనివాళ్లు, మా మర్రిగూడ వైపు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు, వయసొచ్చాక చూసే దిక్కు లేక అక్కడ చేరతారు. అలాంటి ఇల్లు నడపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. గడువు తీరగానే రెన్యువల్ చేయించుకోవాలి. ఎంతమంది ఉంటే ఎందరు ఆయాలుండాలి, వాళ్లకు శిక్షణ ఉందా, చేత్తో తినలేనివాళ్లకు ఎవరు తినిపిస్తారు, ఇవన్నీ ఒక ఫారంలో గడులు. వెళ్లి చూసి ఆ గడులు నింపేది నేను.

వెళ్లే ముందు రోజు ఫోన్ చేసేవాణ్ని. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. నాకు పని నేర్పిన పెద్దసారు చెప్పింది. చెప్పకుండా పోతే మన భోజనానికి వాళ్లు కంగారు పడతారు, అది మర్యాద కాదు అనేవాడు. తనిఖీకి మర్యాద ఏమిటని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. పైగా నాకొక గర్వం. నేను పైసా ముట్టను. ఆ సంగతి ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. పైసా ముట్టనివాడు తప్పు చేయడని నేను నమ్మాను. లంచం తీసుకునేవాడికి తను చేస్తున్నది తప్పని కనీసం తెలుస్తుంది. నాకు అది కూడా తెలియలేదు. ఒక పూట భోజనం, రెండు చేతుల నమస్కారం తీసుకుని, నిజాయితీపరుణ్నని అనుకుంటూ బండి స్టార్ట్ చేసుకుని వచ్చేసేవాణ్ని.

మర్రిగూడ పోయే దారిలో మూతపడిన ఇంజనీరింగు కాలేజీ ఒకటి ఉంది. దాని హాస్టల్ బ్లాకును యాదగిరి అనే ఆయన కిరాయికి తీసుకుని ఒక ఇల్లు నడిపేవాడు. మంచాల పక్కన గోడల మీద అప్పటి విద్యార్థులు పెన్సిలుతో రాసుకున్న లెక్కలు ఇంకా ఉండేవి. యాదగిరి చెడ్డవాడు కాదు. అతని తమ్ముడు చేతులూ కాళ్లూ రాకుండా పుట్టి, చూసేవాళ్లు లేక చిన్నతనంలోనే పోయాడట. ఆ బాధతోనే మొదలుపెట్టాడు. అతని కష్టం ఒక్కటే. ఆయాలు నిలవరు. పత్తి ఏరే రోజులొస్తే అసలే దొరకరు. చేనులో ఎండ ఉన్నా నలుగురితో మాటలుంటాయి. ఇక్కడ పెద్దవాళ్ల మలమూత్రాలు ఎత్తాలి. నెల తిరగకుండానే మానేసేవాళ్లు.

ఆ ఇంట్లో సైదమ్మను చేర్చింది నేనే. ఆమె తల్లి పోయాక తమ్ముడు లింగయ్య మా ఆఫీసుకు తీసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి తాగిన నీళ్ల వల్ల నడుము వంగిపోయింది. మోకాళ్లు చాపలేదు. మెడ తిరగదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాలి. చేతులు మాత్రం బాగుండేవి. దరఖాస్తు నేనే నింపాను. ఎంతకాలానికి ఆశ్రయం అన్న గడిలో జీవితాంతం అని రాసి, ఆ మాట ఆమెకు చదివి వినిపించాను. ఆమె ఒళ్లంతా నావైపు తిప్పి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

రెండేళ్లకు ఆ ఇంటి రెన్యువల్ వచ్చింది. పత్తి కాలం. మామూలుగానే ముందు రోజు ఫోన్ చేసి వెళ్లాను. అక్కడున్న మందికి మా లెక్క ప్రకారం ఆరుగురు ఆయాలుండాలి. నీలం రంగు కోట్లు వేసుకుని వరండాలో ఐదుగురు నిలబడ్డారు. అందులో ముగ్గురిని ఆ పూటకు పక్క ఊరి నుంచి పిలిపించారని చూడగానే తెలిసింది. వాళ్లకు మంచాలు ఎటున్నాయో కూడా తెలియదు. అయినా ఐదు అని వేసుకున్నాను. ఆరో మనిషి ఏదని అడిగాను. యాదగిరి లోపలికి చూశాడు. వంటగది గుమ్మంలోంచి ఆరో నీలం కోటు వచ్చింది. నడుము వంగి ఉన్నందువల్ల కోటు అంచు దాదాపు నేలను తాకుతోంది. సైదమ్మ.

ఆమె నవ్వుతోంది. ఆ కోటు ఆమెకు సంబరంగా ఉంది. నేను కూడా నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు దగ్గర ఆగిపోతాను. కోప్పడి ఉంటే? ఫారం మూసేసి వచ్చేసి ఉంటే? ఆ ఇంటికి ఒక నోటీసు వెళ్లేది. యాదగిరి నాలుగు రోజులు తిరిగి ఎక్కడి నుంచో ఇంకో నలుగురు ఆయాలను తెచ్చుకునేవాడు. అంతే జరిగేది.

నేను నవ్వి, పక్క గడిలోది అడిగాను. శిక్షణ ఉందా? నువ్వు అన్నం ఎలా తినిపిస్తావో చూపించు అన్నాను, సగం ఆటగా. ఆమె నర్సింహ మంచం దగ్గరికి వెళ్లింది. నర్సింహకు ముప్పై ఏళ్లుంటాయి. మాట రాదు, చేతులు స్వాధీనంలో లేవు. తెలిసిన మనిషి అడుగుల చప్పుడు వినబడితే గొంతులోంచి ఒక సంతోషపు కూత వేసేవాడు. సైదమ్మ అతన్ని లేపి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టింది. గడ్డం కొద్దిగా కిందికి వంచింది. మెత్తగా పిసికిన అన్నం గోళీకాయంత పెట్టి, తన రెండు వేళ్లు అతని గొంతు మీద ఆనించి ఆగింది. గుటక పడిందని వేళ్లకు తెలిశాకే ఇంకో ముద్ద పెట్టాలని చెప్పింది. పండుకోబెట్టి పెడితే ఊపిరికి అడ్డం పోతుందంది. నమిలేది ఏదీ పెట్టొద్దంది. ఏడాదిగా మూడు పూటలా తనే పెడుతోందట. ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నదట.

శిక్షణ ఉంది అని రాశాను. అబద్ధం రాశానని నాకు అనిపించలేదు. నిజానికి నేను చూసిన ఏ ఆయాకూ అంత తెలియదు. చూశారా, ఇలాగే నన్ను నేను ఒప్పించుకున్నాను.

అక్కడితో ఆగలేదు. నేను పనిలో శ్రద్ధ గలవాణ్ని. ఒకే పేరు నివాసితుల రిజిస్టరులోనూ సిబ్బంది రిజిస్టరులోనూ ఉంటే రేపు ఆడిట్‌లో పట్టుకుంటారని యాదగిరికి చెప్పాను. నివాసితుల రిజిస్టరు తెప్పించి, స్కేలు పెట్టి, సైదమ్మ పేరు మీద నేనే గీత గీశాను. ఎర్ర ఇంకుతో. కాగితం మీదనే కదా అనుకున్నాను. మనిషి అక్కడే ఉంటుంది, అదే మంచం, అదే కంచం. ఆ గీత అవసరమని యాదగిరికి తట్టనైనా తట్టలేదు. అది నా తెలివి.

నాలుగు నెలల తర్వాత మా బాపు సంవత్సరీకం వచ్చింది. పొద్దున పానగల్లులో కార్యక్రమం అయ్యాక, మధ్యాహ్నం యాదగిరి ఇంట్లో అందరికీ భోజనం పెడదామనుకున్నాం. మీకు తెలుసు, ఇప్పుడు అందరూ చేసేదే. పుట్టినరోజుకో, పోయినవాళ్ల పేరు మీదో అలాంటి చోటికి వెళ్లి వడ్డించి, మన చేత్తో ఒకరికి తినిపించి ఫోటో తీసుకుంటాం. చూసేవాళ్లకు బాగుంటుంది. మనకూ బాగుంటుంది. తినేవాళ్లకు ఎలా ఉంటుందని నేను ఎప్పుడూ అడగలేదు.

బాపుకు ఇష్టమని గారెలు, కోడికూర చేయించాం. ఆ రోజు అక్కడున్నది నిజం ఆయాలు ఇద్దరే. ఇద్దరూ వంటవాళ్లకు సాయంగా వరండాలో ఉన్నారు. మంచాల మీదున్న వాళ్లందరికీ సైదమ్మ ఒక్కతే. హాలుకు ఆ చివర ఒక ముసలాయనకు తినిపిస్తోంది. నేను కంచం పట్టుకుని నర్సింహ దగ్గరికి వెళ్లాను. నా అడుగులు విని కూత వేశాడు. మంచం తల వైపు గోడకు ఆనించిన దిండు మీద వెనక్కి పడుకుని ఉన్నాడు. గారె తుంచి, కూరలో ముంచాను. నా బామ్మర్ది సెల్‌ఫోన్ ఎత్తి, ఇటు చూడమన్నాడు. నేను ఫోన్ వైపు చూశాను. నవ్వాను. ఫోన్ వైపు చూస్తూనే ముక్క అతని నోట్లో పెట్టాను.

అతని ముఖం చూడలేదు. అది చెప్పాలి. ఒక మనిషి నోట్లో అన్నం పెడుతూ ఆ మనిషి ముఖం చూడలేదు.

ఫోటో అయ్యాక ఇంకో ముక్క తుంచాను. అప్పుడు చూశాను. నోరు తెరిచి ఉంది. చప్పుడు లేదు. కళ్లు నన్నే చూస్తున్నాయి. పెదవులు నీలంగా మారుతున్నాయి. నేను చేసిందేమిటంటే, నీళ్లు పట్టడం. గ్లాసు అందుకుని నోట్లో నీళ్లు పోశాను. అలా చేయకూడదని ఆ తర్వాత తెలిసింది. సైదమ్మ వచ్చింది. ఆ మోకాళ్లతో ఆ హాలు దాటడానికి ఆమెకు ఎంతసేపు పడుతుందో మీరు ఊహించుకోండి. గోడ పట్టుకుని, మంచాలు పట్టుకుని వచ్చింది. వస్తూనే అతన్ని ముందుకు వంచి వీపు మీద కొట్టింది, నోట్లో వేళ్లు పెట్టింది. ఏదో కొంత బయటికి వచ్చింది. మిగిలింది రాలేదు. యాదగిరి వ్యానులో నల్గొండ దవాఖానకు తీసుకెళ్లాం. దారిలోనే పోయాడు.

ఇక్కడ ఒక మాట దాచాను. మీకు చెబుతానని కూర్చుని, మీ దగ్గరా దాచాను. సైదమ్మ ఆ చివర ఉంది, చూడలేదు అన్నట్టుగా రాశాను. చూసింది. నేను కంచం పట్టుకుని వంగగానే అక్కడి నుంచే కేక వేసింది. "సారూ, ఆగుండ్రి. కూసోవెట్టాలె." నాకు వినబడింది. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. ఫోటో కోసమే కదా అనుకున్నాను. అంతకన్నా చెడ్డదేమిటంటే, నలుగురు చుట్టాల ముందు ఆమె నాకు చెప్పడం నచ్చలేదు. అదీ అసలు సంగతి. ఇది ఇంతవరకు నాలో నేను కూడా పూర్తిగా అనుకోలేదు.

దవాఖాన బయట యాదగిరి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. నా పేరు రానివ్వనన్నాడు. కానీ ఆయాలు లేక జరిగిందని తెలిస్తే ఇల్లు మూత పడుతుందని, మిగతావాళ్లంతా రోడ్డు మీద పడతారని అన్నాడు. అది నిజమే. ఆ నిజం వెనక నేను దాక్కున్నాను. ఫోటో తీసేయమని బామ్మర్దికి చెప్పాను. ఫిట్స్ వచ్చి పోయాడని చెబితే అతనూ, మా ఇంట్లో వాళ్లూ నమ్మారు. తిండి గొంతుకు అడ్డం పడి మరణం, కారణం తెలపండి అని పైనుంచి కాగితం వచ్చింది. అది వచ్చి చేరిన బల్ల నాదే.

ఎవరు తినిపించారు అన్న ప్రశ్నకు జవాబు ఇలా రాశాను. "విధుల్లో ఉన్న సహాయకురాలు సైదమ్మ అజాగ్రత్త వల్ల." చివర, సదరు సహాయకురాలిని విధుల నుంచి తొలగించడమైనది అని చేర్చాను. కాగితం మీద తీసేద్దాం, మనిషి అక్కడే ఉంటుంది అని యాదగిరీ నేనూ అనుకున్నాం. మళ్లీ అదే మాట. కాగితం మీదనే కదా.

రెండు నెలలకు మాకు కొత్త అధికారి వచ్చారు. చిన్న వయసు, మా వైపు మాట ఇంకా అలవాటు కాలేదు. మొదటి వారమే ఆ ఇల్లు చూస్తానన్నారు. ఫోన్ చేసి చెప్పనా మేడం అని అడిగాను. ఎందుకు అన్నారు. జీపులో ఆమె వెనక కూర్చుని వెళ్లాను.

మేము లోపలికి వెళ్లేసరికి సైదమ్మ ఎవరికో అన్నం తినిపిస్తోంది. నీలం కోటు లేదు. పాత చీరలో ఉంది. మేడం రిజిస్టర్లు తెప్పించుకుని మంచాలు లెక్క పెట్టారు. ఒక మనిషి ఎక్కువ ఉంది. ఈమె ఎవరని అడిగారు. యాదగిరి నావైపు చూశాడు. సైదమ్మకు నేను వెనక వైపున ఉన్నాను. కనబడను.

అప్పుడు జరిగిన మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"తీసేసిన ఆయా, మేడం," అన్నాను నేను.

సైదమ్మ చేతిలోని కంచం మంచం మీద పెట్టింది. గొంతు వచ్చిన వైపుకు మెల్లగా ఒళ్లంతా తిప్పుకుంది. నన్ను చూసింది. "నేను ఆయానా సారూ?"

నేను మేడం ముందున్న రిజిస్టర్ల వైపు చూశాను.

"ఆయా అయితే పొద్దుమీకి ఇంటికి పోతది గద. గా లచ్చమ్మ పోతది, ఈరమ్మ పోతది. నేనేడికి పోవాలె?"

"ఏమంటోంది? మీకు తెలుసా ఈమె?" అన్నారు మేడం.

"బతిమాలుతున్నది మేడం," అన్నాను.

సైదమ్మ ఇంకా చూస్తూనే ఉంది. "జీవితాంతం అని మీరే సదివిండ్రు. రెండుసార్లు సదివిండ్రు."

మేడం నివాసితుల రిజిస్టరు తెరిచి చూశారు. ఆ పేరు మీద ఎర్ర గీత ఉంది, పక్కన నా సంతకం. సిబ్బంది రిజిస్టరులో పేరు ఉంది, తొలగించినట్టు రాసి ఉంది. ఒక మనిషి చావుకు కారణమని తీసేసిన ఆయా, అదే మంచాల మధ్య, అదే పని చేస్తోంది. ఆ స్థానంలో ఏ మంచి అధికారి అయినా ఏం చేస్తారో ఆమె అదే చేశారు. నర్సింహ చావుకు కారణమైన మనిషి ఇక్కడ ఉండకూడదని అందరి ముందే చెప్పి, సాయంత్రంలోగా పంపించేయాలన్నారు. మేడం తప్పేమీ లేదు. ఆమె నా కాగితాన్ని నమ్మారు.

సారే పెట్టిండు అని ఒక్క మాట సైదమ్మ అనలేదు. ఎందుకు అనలేదు? ఏడేళ్లుగా ఇదే. నేనే చెబుతానని ఎదురు చూసిందా? చెప్పినా ఎవరు నమ్ముతారనుకుందా? లేక, తను ఇంకాస్త తొందరగా నడవగలిగితే అతను బతికేవాడని, తప్పు నిజంగా తనదేనని అనుకుందా?

మర్రిగూడ బస్సు ఎక్కించారట. నేను అంతవరకు ఉండలేదు. జీపులో వెళ్లిపోయాను. ఆ తర్వాత ఉద్యోగం చేశాను, ప్రమోషన్ తీసుకున్నాను, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. ఇంట్లో మనవరాలు పుట్టింది. దానికి మొదటి ముద్ద తాత పెట్టాలని అందరూ పట్టుబడితే, చేతికి దెబ్బ తగిలిందని కట్టు కట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడో ఒకసారి సైదమ్మను వెతకాలనుకునేవాణ్ని. అనుకోవడంతోనే ఏదో చేసినట్టుండేది.

పోయిన నెల వెళ్లాను. లింగయ్య ఊరు అప్పటి దరఖాస్తులో ఉన్నదే, నేను మరిచిపోలేదు. బస్సు దిగి అడుగుతూ వెళ్లాను. లింగయ్య ఇంటి ముందు నల్లా దగ్గర బిందె కడుగుతున్నాడు. నన్ను గుర్తు పట్టాడు. ఆఫీసు సారు వచ్చాడని మంచం వాల్చాడు, చాయ్ పెట్టించాడు. అక్క పోయి రెండు ఎండాకాలాలైందన్నాడు.

నేను ఎలా పోయిందని అడిగాను. ఒంట్లో బాగాలేక అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, మామూలు విషయం చెప్పినట్టుగా చెప్పాడు.

"మా అక్క చేతులవడి ఒక పిలగాడు సచ్చిండట గద సారూ. గా ముచ్చట ఆమెకన్న ముందే ఊర్లకొచ్చింది. ఇగ ఎవ్వరు ఆమె చేతి నీళ్లు తాగలే. వేరేటోళ్లు కాదు, మనోళ్లే, మా వాడకట్టోళ్లే. పత్తికి పోయెటోళ్లకు నీళ్లిస్త అని ఈడ అరుగు మీద బిందె వెట్టుకొని కూసునేది. వొయినోళ్లు వొయినట్టే పోయేది. కరోనా వచ్చినప్పుడు జర నిమ్మళమైంది ఆమెకు. అందరు అందరికి దూరమే ఉండిరి గద. నా లెక్కనే అయిండ్రురా అందరు అని నవ్వింది."

చాయ్ గ్లాసు నా చేతిలో ఉంది. తాగాను. మొత్తం తాగాను. తర్వాత లేచి, వెళ్లొస్తానని చెప్పి, రోడ్డు మీదికి వచ్చేశాను. అవును. అక్కడ కూడా చెప్పలేదు. నల్గొండ బస్సు వచ్చింది. కండక్టరు తలుపు పట్టుకుని నన్ను చూశాడు. నేను ఎక్కలేదు. అతను ఏదో గొణిగి విజిల్ వేశాడు. బస్సు వెళ్లిపోయింది. ఎండలో అక్కడే ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అరుగు మీద బిందె ముందు ఒంగి కూర్చున్న మనిషి. దాటిపోయేవాళ్లను చూడాలంటే ప్రతిసారీ ఒళ్లంతా తిప్పుకోవాలి. ఎన్నిసార్లు తిప్పుకుని ఉంటుంది?

వెనక్కి నడిచాను. లింగయ్య ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. కూర్చోకుండా, నిలబడే చెప్పాను. గారె ముక్క సంగతి, ఆమె కేక వేసిన సంగతి, రిజిస్టరులో గీత, నేను రాసిన రిపోర్టు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను వాకిట్లో ఉన్న బిందెను అరుగు మీద బోర్లించాడు. తర్వాత అన్నాడు.

"నాకెందుకు చెప్తున్నరు సారూ? నేనెట్లన్న తమ్మున్నే. నేను తాగిన ఆమె నీళ్లు. తాగనోళ్లకు చెప్పుండ్రి."

కండువా భుజాన వేసుకుని ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. ఆ వాడకట్టులో ఏడు ఇళ్లు. ప్రతి గుమ్మం ముందు ఆగి, ఇంట్లో వాళ్లను బయటికి పిలిచి, పక్కకు జరిగి నిలబడేవాడు. నా గురించి ఏమీ చెప్పేవాడు కాదు. నేనే మొదలుపెట్టాలి. మొదటి ఇంటి ముందు నా నోట్లోంచి ఆఫీసు భాష వచ్చింది. సదరు రోజున, సహాయకురాలు, అని. వాళ్లకు అర్థం కాలేదు. లింగయ్య కదలకుండా నిలబడ్డాడు. మళ్లీ చెప్పాను, మా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో. ఒకామె మధ్యలోనే లోపలికి వెళ్లిపోయింది. ఒకతను, మరి ఇన్నేళ్లు ఏం చేసినవ్ అన్నాడు. ఇంకో ఇంట్లో ఒక నడివయసు మనిషి తల వంచుకుని, నేను గూడ తాగలే, అని తనలో తను అనుకున్నాడు.

చివరి ఇంట్లో ఒక ముసలమ్మ. చెవులు బాగా వినబడవు. రెండుసార్లు చెప్పాను. మెల్లగా చెప్పినట్టున్నాను, ఆమె కోడలి వైపు చూసి ఎవరు పెట్టిండ్రంటున్నడు అని అడిగింది. కోడలు నోరు తెరవబోతే లింగయ్య చేత్తో ఆపాడు.

నేను గొంతెత్తి చెప్పాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ వీధంతా వినబడి ఉంటుంది. "నేను అవ్వా. నేను పెట్టిన. సైదమ్మ వద్దన్నది. వద్దని మొత్తుకున్నది. నేనే ఇనలే."

ముసలమ్మ నన్ను చూసింది. తలుపు దగ్గరికి వేసుకుంది.

లింగయ్య నాతో బస్సు దాకా రాలేదు. అక్కడి నుంచే ఇంటికి తిరిగాడు. క్షమించానని అతను అనలేదు, నేను అడగలేదు. నన్ను క్షమించగలిగిన మనుషులు ఇద్దరూ లేరు. అప్పటి రిపోర్టు తప్పని, ఎవరు తినిపించారో రాసి, సంతకం చేసి మొన్న మా పాత ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్న అబ్బాయి చదవకుండానే ముద్ర వేశాడు. దాని వల్ల ఏం జరగాలో అది జరగనివ్వండి. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ కాగితం తీసుకెళ్లి నా భార్య చేతిలో పెడతాను. ఆమె చదువుతున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంటాను.

నర్సింహ నోట్లో ఆ ముక్క పెట్టింది నేను. ఇది రాసి ఒకసారి, చదివి ఒకసారి చూసుకున్నాను. నిద్ర రాలేదు. కానీ ఊపిరి లోపలిదాకా వెళ్తోంది.